వాగును చంపేసిన బురదతోనే పెయింట్! ఒక ఇంజనీర్, ఒక ఆర్టిస్ట్ కలిసి ఏం చేశారంటే...

ఒక్కసారి ఒక వాగును ఊహించుకోండి. చుట్టూ చెట్లు, మధ్యలో పారే నీళ్లు. కానీ నీళ్ల అడుగంతా నారింజ రంగు. చేప లేదు, కప్ప లేదు, రాయి ఎత్తి చూస్తే పురుగు కూడా లేదు. అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో ఇలాంటి వాగులు నిజంగానే ఉన్నాయి. ఈరోజు వాటి గురించే మాట్లాడుకుందాం.

అసలు ఆ రంగు ఎక్కడిది? అక్కడ ఒకప్పుడు బొగ్గు బాగా తవ్వారు. బొగ్గు అయిపోయాక గనులు అలాగే వదిలేసి వెళ్లిపోయారు. తవ్విన వాళ్లే బాగుచేయాలని 1977లో చట్టం వచ్చింది. కానీ అప్పటికే వదిలేసిన గనుల్ని పట్టించుకునే ఓనర్ ఎవరు?

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ. బొగ్గు పొరల్లో పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. అంటే ఇనుము, గంధకం కలిసిన రాయి. భూమి లోపల ఉన్నంతకాలం దానితో ఇబ్బంది లేదు. తవ్వాక గాలి, నీళ్లు తగిలితే గంధకం సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది, ఇనుము నీళ్లలో కరిగిపోతుంది. ఆ నీళ్లు వాగులోకి వచ్చి గాలి తగలగానే ఇనుము తుప్పులా మారి అడుగున పేరుకుపోతుంది. ఇక చేప గుడ్లు పెట్టడానికి కూడా చోటుండదు.

మరి శుభ్రం చేయొచ్చు కదా అంటారా? చేయొచ్చు. సున్నం లాంటిది కలిపితే యాసిడ్ విరిగిపోతుంది. కానీ గనిలోంచి నీళ్లు దశాబ్దాల తరబడి వస్తూనే ఉంటాయి. రోజూ మందు వేయాలి, రోజూ బురద ఎత్తాలి. డబ్బులెవరిస్తారు?

ఒహైయో యూనివర్సిటీ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ గై రీఫ్లర్ ఇక్కడే వేరేలా ఆలోచించారు. ఆ బురద ఏంటి? ఐరన్ ఆక్సైడ్. మన పాత ఇళ్లలో రెడ్ ఆక్సైడ్ గచ్చు చూశారుగా? గోడలకు పూసే జాజు? వాటి ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడ్‌దే! అంటే అది మార్కెట్‌లో డబ్బిచ్చి కొనే సరుకు.

అదే యూనివర్సిటీలో ఆర్ట్ ప్రొఫెసర్ జాన్ సాబ్రా ఆయనతో చేయి కలిపారు. పద్ధతి ఇదీ: గని నీళ్లను పట్టి, యాసిడ్ విరగ్గొట్టి, గాలి ఊదుతారు. ఇనుము పసుపు బురదలా అడుక్కి దిగుతుంది. తేటనీళ్లు వాగులోకి వెళ్తాయి. బురదను కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. ఆ పసుపు పొడిని కాలిస్తే ఎర్రగా మారుతుంది. ఇంకా గట్టిగా కాలిస్తే ఊదా రంగులోకి వెళ్తుంది. గాంబ్లిన్ అనే పెయింట్ కంపెనీ ఈ పొడితో ఆయిల్ పెయింట్ ట్యూబులు కూడా చేసి అమ్మింది.

అంటే సమస్య తీరిపోయినట్టేనా? లేదు ఫ్రెండ్స్. ఆర్టిస్టులు కొనే ట్యూబులతో ఒక వాగు ఖర్చు గడవదు. ఇటుకలు, కాంక్రీట్, గోడల పెయింట్లు చేసేవాళ్లు టన్నుల్లో కొనాలి. అందుకే ట్రూటౌన్ అనే చోట పెద్ద ప్లాంట్ పని పెట్టుకున్నారు. రంగు అమ్మిన డబ్బుతోనే నీళ్లు శుభ్రమవుతూ ఉండాలన్నది వాళ్ల లెక్క. దానం మీద నడిచే పని దాత ఆగిపోతే ఆగిపోతుంది. సరుకు అమ్ముడవుతున్నంతకాలం ఈ పని ఆగదు.

మరి మీ ఊరి చెరువులోనో కాలువలోనో కలుస్తున్నది ఏంటి? దాన్ని కొనేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఆలోచించి కామెంట్ చేయండి.