గంతలు కట్టుకుంటే పలాస పప్పును పోల్చగలమా?

శ్రీకాకుళం జిల్లా పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతం నుంచి గల్ఫ్‌కో, సింగపూర్‌కో పనికి వెళ్లే కుర్రాడి సూట్‌కేసులో జీడిపప్పు పొట్లం ఉండడం మామూలే. అక్కడి దుకాణాల్లో వియత్నాం పప్పు దొరుకుతుంది, ఆఫ్రికా పప్పూ దొరుకుతుంది. అయినా సెలవుకు వచ్చినప్పుడు "మన పలాస పప్పు రుచే వేరు" అంటాడు. ఆ మాటలో నాలుక చెప్పేది ఎంత, ఊరి మీద మమకారం చెప్పేది ఎంత? దీన్ని తేల్చే పద్ధతి వైన్ అభిమానుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. సీసా మీద పేరు కప్పేసి, ఏది ఎక్కడిదో చెప్పకుండా రుచి చూపించడమే ఆ పద్ధతి.

ఇందులో పేరుమోసిన ఘట్టం 1976 మే 24న పారిస్‌లో జరిగింది. స్టీవెన్ స్పరియర్ అనే ఆంగ్ల వైన్ వ్యాపారి ఫ్రాన్స్ వైన్లనూ కాలిఫోర్నియా వైన్లనూ పేర్లు దాచి ఫ్రెంచి నిపుణుల ముందు పెట్టాడు. తెల్ల వైన్లలో షాతో మాంటెలీనా, ఎర్ర వైన్లలో స్టాగ్స్ లీప్ మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ కాలిఫోర్నియావే. పేర్లు కనబడి ఉంటే ఆ తీర్పు వచ్చేది కాదేమో.

కళ్లు రుచిని ఎంతగా మారుస్తాయో 2001లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి ప్రయోగం చూపించింది. వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్‌ను వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఇచ్చారు. ఆ వైన్ వాసనను వర్ణించడానికి వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలే ఎక్కువగా వాడారు. ఇది వాళ్ల చేతకానితనం కాదు, మెదడు పనిచేసే తీరు. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి వాసనే. పప్పు నమిలినప్పుడు విడుదలైన సువాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మెదడు దాన్ని రంగుతో, పేరుతో, జ్ఞాపకంతో కలిపి ఒకే అనుభవంగా మనకు అందిస్తుంది.

ఇక పలాస సంగతి. ఇక్కడ ప్రశ్న పైకి కనిపించేంత తేలిక కాదు. పలాస-కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు ఉద్దానం పిక్కలు ఏడాది పొడవునా సరిపోవు. అందుకని ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్కలు తెప్పిస్తారు. కాబట్టి "పలాస పప్పు" అన్న పేరులో రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు, మందస తోటల నేల ఇచ్చే గుణం. రెండోది పలాసలో పిక్కను పప్పుగా మార్చే చేతి పని.

ఆ పనిని కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఎండబెట్టిన పిక్కను డ్రమ్ములో కాలుస్తారు, లేదా ఆవిరిలో ఉడికిస్తారు. పెంకు కొట్టి పప్పు బయటికి తీస్తారు. ఒంటి మీద పడితే బొబ్బలెక్కించే జీడి ఆ పెంకులోనే ఉంటుంది. తీసిన పప్పును వేడి గదిలో ఆరబెట్టి, ఎర్రటి పొట్టు ఒలిచి, సైజుల వారీగా ఏరుతారు. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. డ్రమ్ములో కాల్చినప్పుడు పెంకులోని నూనె మండి పొగ లేస్తుంది, పప్పుకు కొంత వేగుడు వాసన పడుతుంది. ఆవిరి పద్ధతిలో పప్పు తెల్లగా వస్తుంది, ఆ వాసన తక్కువ. అంటే మనం "పలాస రుచి" అనుకునేది నేలదా, డ్రమ్ముదా అన్నది విడదీసి అడగాలి. ఒకే ఫ్యాక్టరీలో ఒకే పద్ధతిలో తీసిన ఉద్దానం పప్పునూ ఆఫ్రికా పప్పునూ పోలిస్తే నేల సంగతి తేలుతుంది. ఒకే తోట పిక్కల్ని రెండు పద్ధతుల్లో తీసి పోలిస్తే పనితనం సంగతి తేలుతుంది.

ఇలాంటి పరీక్షకు లెక్క నేర్పినవాడు బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది తాగి చెప్పగలనన్న ఒక మహిళా శాస్త్రవేత్త మాటను ఆయన 1935 నాటి తన పుస్తకంలో ఉదాహరణగా తీసుకున్నాడు. ఎనిమిది కప్పుల్లో నాలుగు ఒక రకం, నాలుగు ఇంకో రకం. గుడ్డిగా చెబితే అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటే.

పప్పుకు ఇంకా సులువైనది మూడు గిన్నెల పరీక్ష. రెండు గిన్నెల్లో ఒకే పప్పు, మూడోదాంట్లో వేరే పప్పు పెట్టి, వేరేది ఏదో చెప్పమంటారు. ఊహించి చెబితే మూడింట ఒక వంతు మంది సరిగ్గా చెబుతారు. పన్నెండు మందిలో నలుగురన్నమాట. ఏడుగురు చెప్పినా అది కాకతాళీయం కావచ్చు. ఎనిమిది మందో అంతకన్నా ఎక్కువో చెబితే, అలా ఊరికే జరిగే అవకాశం నూటికి రెండుకన్నా తక్కువ. అప్పుడు తేడా ఉందని నమ్మవచ్చు.

ఇప్పుడు పలాసలో పన్నెండు మంది, కువైట్‌లో పన్నెండు మంది పాల్గొంటారనుకుందాం. ఉద్దానం పప్పు, ఆఫ్రికా పప్పు రెండూ ఒకే గ్రేడువి కావాలి. 320 గ్రేడు అంటే పౌండుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 320 పప్పులకు మించనిది. సైజు వేరైతే కంటికే తెలిసిపోతుంది. పప్పులో సగానికి కాస్త తక్కువ కొవ్వే. గాలి తగిలితే అది పాడై ముక్క వాసన వేస్తుంది. అందుకే రెండు రకాలనూ ఒకే రోజు, గాలి లేని పొట్లాల్లో కట్టాలి. కువైట్‌కు పంపినలాంటి పొట్లాలనే పలాసలోనూ విప్పకుండా ఉంచి, రెండు చోట్లా ఒకే రోజు వీడియో కాల్‌లో విప్పాలి. లేకపోతే పలాసవాళ్లు తాజా పప్పు, కువైట్‌వాళ్లు నెలనాటి పప్పు తిన్నట్టవుతుంది. పంపేముందు ఆ దేశపు ఆహార నిబంధనలు చూసుకోవాలి.

పొట్లాల మీద ఊరి పేరు వద్దు, మూడంకెల సంఖ్య చాలు. ఏ సంఖ్య దేనిదో తెలిసిన మనిషి రుచి చూడకూడదు, గిన్నెలు అందించకూడదు. గిన్నెల వరుస ఒక్కొక్కరికీ మార్చాలి. రంగు తేడా కనబడకుండా ఎర్ర బల్బు వెలిగించాలి. ఉప్పు, కారం, నెయ్యి ఏవీ తగలని పప్పే ఇవ్వాలి. మధ్యమధ్య నీళ్లతో పుక్కిలించాలి. జవాబు కాగితం మీద రాసి ఇచ్చేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఒకరు తల ఊపినా పక్కవాళ్ల తీర్పు మారుతుంది. జీడిపప్పు పడనివాళ్లను కూర్చోబెట్టొద్దు, ఆ అలర్జీ ప్రాణం మీదికి తేగలదు.

ఈ పరీక్ష తేడా ఉందో లేదో మాత్రమే చెబుతుంది. ఏది బాగుందన్నది వేరే ప్రశ్న. దాన్ని మరో రోజు రెండు గిన్నెలతో విడిగా అడగాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని నేలకూల్చింది. మళ్లీ నాటిన మొక్కలను పెంచుకొస్తున్న రైతుకు తన పిక్క గొప్పదనం మాటగా కాక, లెక్కగా చెప్పగలిగే రోజు రావాలి. తేడా తేలితే ఉద్దానం పేరు వేరుగా పెట్టి అమ్ముకునే హక్కు బలపడుతుంది. తేలకపోతే, గొప్పతనం పలాస ఆడవాళ్ల చేతి పనిలో ఉందేమోనని, రెండు పద్ధతుల్ని పోల్చే రెండో పరీక్షలో వెతకాలి. మార్చి నుంచి మే దాకా పిక్కలు రాలే కాలం. టెక్కలి, పలాస కాలేజీల సైన్సు విద్యార్థులు వచ్చే సీజన్‌లో ఈ పని తలకెత్తుకోవాలి. ఖర్చు కొన్ని కిలోల పప్పు, పాతిక మంది ఓపిక.