న్యాయవాదుల వృత్తి దుష్ప్రవర్తన: ఫిర్యాదు ఎవరికి? శిక్షలు ఏవి?

నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్ట ప్రాంతంలోని ఉదయగిరి, ఆత్మకూరు న్యాయస్థానాలకు భూమి తగాదాలు, మనోవర్తి, అప్పు పత్రాల వ్యాజ్యాలతో పల్లెల నుంచి కక్షిదారులు వస్తుంటారు. సోమశిల జలాశయం నిర్మించిన ఈ ప్రాంతానికి భూసేకరణ, నష్టపరిహారం అనే మాటలు కొత్తవి కావు. చదువురాని రైతు వకాల్తాపై వేలిముద్ర వేసిన నాటి నుంచి ఆయన పత్రాలు, ఆయన పేరిట కోర్టులో జమపడే సొమ్ము న్యాయవాది నిజాయితీపై ఆధారపడి ఉంటాయి. ఆ నమ్మకం వమ్మయినప్పుడు ఎవరిని ఆశ్రయించాలో తెలియనిచో కాలము, ధనము రెండూ వృథా కాగలవు.

అధికారం ఎవరిది?

న్యాయవాదుల చట్టం, 1961లోని 35వ సెక్షను ప్రకారం వృత్తిపరమైన లేదా ఇతర దుష్ప్రవర్తనపై విచారణ జరిపి శిక్ష విధించే అధికారం రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణా సంఘానికి కలదు. పట్టణాలలో ఉండే బార్ అసోసియేషన్లు న్యాయవాదులు స్వయంగా ఏర్పరచుకున్న సంఘాలు మాత్రమే. వాటికి ఈ అధికారం లేదు. తహశీల్దారుకు గాని, రెవెన్యూ డివిజనల్ అధికారికి గాని, పోలీసులకు గాని లేదు. కోర్టు ధిక్కార నేరానికి శిక్షగా న్యాయవాది లైసెన్సును సుప్రీంకోర్టు సైతం తానుగా సస్పెండు చేయజాలదని 1998లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. కావున ఇటువంటి అర్జీలు మండల, డివిజను కార్యాలయాలకు అందినప్పుడు, వాటిని పెండింగులో ఉంచక, అర్జీదారును బార్ కౌన్సిల్‌ను ఆశ్రయించవలసినదిగా సూచించడం సముచితం.

ఫిర్యాదు, విచారణ

ఫిర్యాదును అర్జీ రూపంలో రాసి, సంతకం చేసి, అందలి విషయాలు సత్యమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ధ్రువీకరించి, నిర్ణీత రుసుముతో సమర్పించవలెను. రాష్ట్ర అధికార భాషలో ఇచ్చే అవకాశం ఉన్నందున తెలుగులో రాసిన ఫిర్యాదు చెల్లుతుంది. ఫిర్యాదు లేకున్నను బార్ కౌన్సిల్ తనంతట తాను చర్య చేపట్టవచ్చును.

ఆరోపణలో ప్రాథమికంగా బలమున్నదని కౌన్సిల్ భావించినచో విషయాన్ని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణా సంఘానికి నివేదిస్తుంది. వీరిలో ఇద్దరు కౌన్సిల్ సభ్యులు. మూడవవారు కౌన్సిల్‌లో సభ్యుడు కాని, కనీసం పదేళ్ల అనుభవం గల న్యాయవాది. సాక్షులను పిలిపించుటకు, పత్రాలు తెప్పించుటకు సంఘానికి సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఫిర్యాదు అందిన ఏడాదిలోగా విచారణ ముగియనిచో అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది.

శిక్షలు

సంఘం ఫిర్యాదును కొట్టివేయవచ్చును, న్యాయవాదిని మందలించవచ్చును, తగిన కాలం పాటు సస్పెండు చేయవచ్చును, లేదా న్యాయవాదుల జాబితా నుంచి పేరు తొలగించవచ్చును. సస్పెన్షన్ కాలంలో ఆ న్యాయవాది దేశంలోని ఏ కోర్టులోను, ఏ అధికారి ఎదుటను వాదించరాదు. హక్కు లేకుండా వాదించినవారికి ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చును. సొమ్ము రాబట్టుకొనుటకు సివిల్ దావా, నమ్మకద్రోహంపై పోలీసు ఫిర్యాదు వేరు మార్గాలు.

కక్షిదారు సొమ్ము విషయంలో సుప్రీంకోర్టు కఠినంగా వ్యవహరించింది. నిరక్షరాస్యుడైన ఒక వృద్ధునికి రావలసిన భూసేకరణ పరిహారం రూ. 8,118లను న్యాయవాది 1987లో కోర్టు నుంచి తీసుకొని ఆయనకు ఇవ్వలేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా విధించిన మూడేళ్ల సస్పెన్షన్ చాలదని భావించి, 2002లో సుప్రీంకోర్టు న్యాయవాది పేరును జాబితా నుంచి తొలగించింది. మొత్తం చిన్నదైనా నమ్మకద్రోహం చిన్నది కాదని ఈ తీర్పు చాటుతున్నది.

తెలంగాణకు చెందిన మోటారు ప్రమాద పరిహారం కేసులో, వచ్చిన సొమ్ములో శాతం చొప్పున ఫీజు కోరడం వృత్తి దుష్ప్రవర్తనయేనని 2017 డిసెంబరులో అదే న్యాయస్థానం స్పష్టం చేసింది. ఫీజు బాకీ ఉన్నదన్న కారణంతో కక్షిదారు ఫైళ్లను అట్టిపెట్టుకొనే హక్కు న్యాయవాదికి లేదని 2000లో తీర్పు వెలువడింది.

అప్పీలు

ఉత్తర్వు అందిన 60 రోజులలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి నిర్ణయంపై మరల 60 రోజులలో సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చును. అప్పీలు దాఖలైనంత మాత్రాన శిక్ష నిలిచిపోదు. స్టే ఉత్తర్వు పొందవలెను. న్యాయవాదికి కూడా రక్షణలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ న్యాయవాది ఒకరి కేసులో, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉత్తర్వు పునఃపరిశీలనకు గల 60 రోజుల గడువును ఆ ఉత్తర్వు సంబంధిత వ్యక్తికి తెలిసిన నాటి నుంచి లెక్కించాలని 2003లో సుప్రీంకోర్టు పేర్కొన్నది.

వార్తలు రాసేటప్పుడు ఫిర్యాదు అందడం, విచారణకు నివేదించడం, తుది ఉత్తర్వు వెలువడడం అనే మూడు దశలను వేర్వేరుగా గుర్తించడం అవసరం. ఫిర్యాదు నేర నిరూపణ కాదు. కేసు ఓడిపోవడం దానంతటదే దుష్ప్రవర్తన కాదు.

కక్షిదారు తరఫున అందిన సొమ్ముకు న్యాయవాది లెక్కలు ఉంచి, ఆ సమాచారాన్ని వీలైనంత త్వరగా తెలియజేయవలెనని బార్ కౌన్సిల్ నియమాలు నిర్దేశిస్తున్నాయి. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు, ప్రతి కాగితానికి నకలు, కేసు నంబరు దగ్గర ఉంచుకొన్న కక్షిదారుకు, అవసరమైననాడు అవే సాక్ష్యాలు కాగలవు.