బొమ్మల దినచర్య

చిత్రలేఖనం అనగానే మనలో చాలమంది అది చిత్రకారుల సొత్తని తలచి దూరంగా నిలుచుంటారు. చేయి తిరిగినవారికే ఆ విద్య అబ్బుతుందని, తక్కినవారు చూచి ఆనందించవలసిందే గాని పెన్సిలు పట్టవలసిన పని లేదని ఒక అభిప్రాయం లోకంలో స్థిరపడి ఉన్నది. వ్రాత విషయంలో మనం ఇట్లా అనుకొనము. కవిత్వం చెప్పలేనివాడు ఉత్తరం వ్రాయడం మానుకోడు. ఇంటి పద్దు వ్రాసికొనడం మానుకోడు. బొమ్మను కూడా ఉత్తరం వలె, పద్దు వలె నిత్యజీవితంలో వాడుకొనవచ్చును. రోజుకొక చిన్న బొమ్మ, దాని ప్రక్కన నాలుగు మాటలు, క్రింద తేదీ: ఇంతమాత్రంతో మనిషి తన ఊరిని ఎరిగి ఉండవచ్చునని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ అలవాటు క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీకు చిత్రకారుడు అపెల్లీస్ ఎంత పని ఉన్నా ఒక గీతయైనా గీయకుండా రోజు గడపలేదని రోమను పండితుడు ప్లినీ వ్రాసినాడు. ఇటలీ దేశపు లియొనార్డో డావిన్చీ చిన్న పుస్తకం వెంట ఉంచుకొని, వీధిలో మనుష్యులు నిలుచుండే తీరు, మాట్లాడే తీరు, పోట్లాడే తీరు అప్పటికప్పుడు గీసికొమ్మని చిత్రకారులకు హితవు చెప్పినాడు. మన రాజమహేంద్రవరంలో పుట్టి 1925లో 28 ఏళ్ళయినా నిండకుండా కన్నుమూసిన దామెర్ల రామారావు పెద్ద పటాలతోపాటు పెన్సిలు గీతలతో నిండిన స్కెచ్చి పుస్తకాలను కూడా మిగిల్చిపోయినాడు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ కార్డుల మీద చిన్న చిన్న బొమ్మలు వేసి శిష్యులకు ఉత్తరాలుగా పంపేవాడు. పోస్టుకార్డంత జాగా అంతటి గురువుకు చాలినప్పుడు మనకు చాలకపోదు.

అయితే ఇట్టి బొమ్మలవల్ల ప్రయోజనమేమి? ఇందుకు తెలుగుదేశంలోనే ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. కర్నల్ కాలిన్ మెకంజీ 18వ శతాబ్ది చివర అమరావతి స్తూపాన్ని మొదటిసారి చూచినాడు. 1816లో మరల వచ్చేసరికి అందులోని శిల్పాలు చాలవరకు చెదరిపోయి ఉన్నవి. కొన్ని పలకలు కొత్త కట్టడాలలోకి చేరినవి; కొన్నిటిని సున్నానికి కాల్చినారు. ఆయన తన వెంట వచ్చిన చిత్రకారులచేత మిగిలిన పలకలను ఒక్కొక్కటిగా గీయించినాడు. ఆ బొమ్మల సంపుటం నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. అందులోని శిల్పాలలో కొన్ని తరువాత కనబడకుండా పోయినవి. వాటి ఆకారం మనకు తెలియడం ఆ కాగితాల మూలంగానే. రాయి పోయినది, గీత నిలిచినది. గీసినవారు లోకవిఖ్యాతులు కారు. కంటికి కనిపించినదాన్ని శ్రద్ధగా గీసి, ఎప్పుడు గీసినదీ గుర్తు పెట్టినారు, అంతే.

అమరావతికి రెండువేల ఏళ్ళ చరిత్ర ఉన్నది గనుక అది వేరు, మన ఉప్పల్, నాచారాలలో గీయదగినది ఏమున్నదని అడుగవచ్చును. అక్కడ కావలసినంత ఉన్నది. పైగా అమరావతి వలెనే ఇక్కడ కూడా నేడున్నది రేపు ఉండదు. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో రైలు నడవసాగింది. 2018లో వరంగల్లు బాట మీద ఎత్తువంతెన పని మొదలై, స్తంభాలు ఏళ్ళ తరబడి రోడ్డు నడుమ నిలిచినవి. 2023లో ఉప్పల్ కూడలిలో పాదచారుల కోసం ఆకాశబాట వెలసింది. ఈ మార్పులకు ముందు ఆ కూడలి ఎట్లా ఉండేదో, చెట్టు ఏ మూల ఉండేదో, చాయ్ బండి ఎక్కడ నిలిచేదో రోజూ ఆ దారిన పోయినవారినే అడిగి చూడండి. నలుగురు నాలుగు విధాలుగా చెబుతారు. మనం చూస్తూనే ఉంటాము గాని చూచినది మనలో నిలువదు.

ఇది జ్ఞాపకాల ముచ్చట మాత్రమే కాదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు ఉప్పల్, హబ్సిగూడ, రామాంతపూర్ ప్రాంతాలలో పలు కాలనీలు నీట మునిగినవి. చెరువు అలుగు ఎటు పారేది, నాలా ఎంత వెడల్పు ఉండేది, కట్ట ఎక్కడిదాకా ఉండేది అన్న ప్రశ్నలు అప్పుడు పుట్టినవి. ఏటేటా వానకాలం తరువాత ఒకే చోట నిలుచుండి చెరువు అంచును గీసి, తేదీ వేసి ఉంచిన పుస్తకం వీధికొకటి ఉంటే, ఆ ప్రశ్నలకు కొంత సమాధానం దొరికేది. అది అధికారుల పటానికి సాటి కాకపోవచ్చును. అయినా పొరుగువారు కూర్చుండి మాట్లాడుకొనడానికి ఒక ఆధారం అవుతుంది.

ఇక పద్ధతి చెప్పుకొందాము. కావలసిన సామగ్రి స్వల్పం. అరచేతిలో ఇమిడే పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి. పెన్సిళ్ళలో హెచ్ గుర్తున్నవి గట్టివి, సన్నని గీత ఇస్తాయి. బి గుర్తున్నవి మెత్తనివి, నల్లని గీత ఇస్తాయి. మొదటివారికి 2బి చాలును. రబ్బరు ఇంట్లో వదలి వెళ్ళడం మంచిది. రబ్బరు చేత ఉన్నంతసేపు చేయి గీసినదాన్ని చెరపడంలోనే పది నిమిషాలూ గడచిపోతాయి. తప్పు గీత ఉండనిచ్చి, దాని ప్రక్కనే సరియైన గీత వేయండి. రెంటినీ పోల్చి చూడడంలోనే పాఠం ఉన్నది. ఖరీదైన పుస్తకం కొనవద్దు. దాన్ని పాడుచేస్తామేమోనన్న భయంతో మొదటి పుట తెల్లగానే మిగిలిపోతుంది.

మొదటి పాఠానికి నాచారానికి ఉత్తరాన ఉన్న మౌలాలి గుట్టను తీసికొనండి. హైదరాబాదు శిలలు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. గుట్ట రూపురేఖను మాత్రం ఒక్క గీతతో, పెన్సిలు ఎత్తకుండా గీయండి. రెండవ రోజు దాని మీది పగుళ్ళను గీయండి. పైపొరలు ఉల్లిపొరల వలె వంపు తిరిగి విడిపోతూ ఉంటాయి. పైనున్న బరువు తొలగిపోయినకొద్దీ లోపలి శిల వ్యాకోచించి పొరలు పొరలుగా చీలడం ఇందుకు కారణం. ఊరి చుట్టుపట్ల ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనిపించే గుండ్లను కూడా ఇట్లే గీయండి. పై గుండు అడుగు అంచు, క్రింది గుండు పై అంచు చాలచోట్ల ఒకదానికొకటి సరిపోతాయి. ఎవరో పేర్చినవి కావవి. ఒకే శిల పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగి, మట్టి కొట్టుకొనిపోగా మిగిలినవి. పుస్తకంలో చదివితే మరచిపోయే ఈ సంగతిని చేతితో గీసినవాడు మరువడు. ఉప్పల్ రోడ్డులోనే 1961లో ఏర్పడిన భూభౌతిక పరిశోధనాలయం ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు యంత్రాలతో భూమిని పరిశీలిస్తారు. మనకున్న యంత్రం పెన్సిలు.

రెండవ పాఠం మెట్రో స్టేషనులో. ప్లాట్‌ఫారం చివర నిలుచుండి పట్టాల వైపు చూడండి. పట్టాలు దూరాన ఒక బిందువులో కలిసినట్లుంటాయి. ఆ బిందువు మన కంటిమట్టాన ఉంటుంది. కంటిమట్టానికి పైనున్న కప్పు అంచులు ఆ బిందువు వైపు దిగుతాయి. క్రిందనున్న పట్టాలు, ప్లాట్‌ఫారం అంచులు దాని వైపు ఎక్కుతాయి. మొదట కంటిమట్టం గీత వేసి పిమ్మట తక్కినవి గీసినవారికి దృశ్యం దానంతటదే కుదురుకొంటుంది. క్రిందికి దిగి రోడ్డు మీద నిలుచుంటే కంటిమట్టం కూడా మీతో దిగి వస్తుంది. ఒకే స్తంభాల వరుసను పైనుంచి ఒకసారి, క్రిందినుంచి ఒకసారి గీస్తే ఈ సూత్రం బోధపడుతుంది.

మూడవ పాఠం మనుష్యులది. ఉప్పల్‌లో వరంగల్లు బస్సుల కోసం నిలిచినవారిని గీయడానికి అరనిమిషం కంటె ఎక్కువ దొరకదు. ముఖాల జోలికి పోవద్దు. వెన్నెముక వంపు ఒక గీత, బరువు మోపిన కాలు ఒక గీత, చేతిలోని సంచీ ఒక గీత. ఇంతలో బస్సు వస్తుంది, మనిషి వెళ్ళిపోతాడు. ఆ మూడు గీతలలో అలసట ఉన్నదో, తొందర ఉన్నదో కనిపిస్తుంది. ఎవరినైనా గుర్తు పట్టేటట్లు గీయదలచుకొంటే అడిగి గీయడం మర్యాద. చాలమంది కాదనరు. "ఏం గీస్తున్నరు సారూ? మా బండి గూడ గియ్యుండ్రి" అని చాయ్ బండివారే పిలుస్తారు.

నాలుగవది చెరువు. నాచారం చెరువు దగ్గర నెలకొకసారి ఒకే చోట, ఒకే వేళకు నిలుచుండండి. కదలని గుర్తును ఒకదాన్ని, గుడి శిఖరమో విద్యుత్ స్తంభమో, ఎన్నుకొని దాన్నిబట్టి నీటి అంచును గీయండి. గుర్రపుడెక్క ఎంతవరకు ప్రాకినదీ, మట్టి ఎక్కడ పోసినదీ ప్రక్కన వ్రాయండి. పన్నెండు బొమ్మలు ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక సంవత్సరపు చెరువు మీ ముందుంటుంది.

బొమ్మ ప్రక్కన వ్రాసే మాటలు బొమ్మలో రానివై ఉండవలెను. నేను మాటలతోనే దృశ్యాన్ని చూపవలసిన వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఒక సలహా చెబుతాను. ప్రతి పుటలో ఒక ధ్వనిని వ్రాయండి. కార్ఖానా కూత, రైలు వచ్చే ముందటి ప్రకటన, స్టేడియంలో క్రికెట్టు ఆట ఉన్ననాటి కోలాహలం, తెల్లవారుజామున పాలబండి చప్పుడు. గాలి ఎటు వీచింది, ఏ వాసన వచ్చింది, చాయ్ ధర ఎంత అన్నవి కూడా వ్రాయవచ్చును. పదేళ్ళకు ఆ ధర చదివి మీ పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులోనే వారికి కొంత చరిత్ర తెలుస్తుంది.

జేబులో కెమెరా ఉన్న ఫోను ఉండగా ఈ శ్రమ ఎందుకని ప్రశ్న. వివరాలను పట్టడంలో ఫోటో మిన్న. అందులో సందేహం లేదు. కాని ఫోటో తీయడానికి క్షణం చాలును, ఆ క్షణంలో మనం చూడనవసరం లేదు. పెన్సిలు పట్టినవాడు పది నిమిషాలు చూడక తప్పదు, ఏది ఉంచవలెనో ఏది వదలవలెనో తేల్చుకొనక తప్పదు. రంపపు పళ్ళ వంటి కప్పు ఉన్న పాత కార్ఖానా షెడ్డును గీసేవాడికి, ఆ పళ్ళకు అద్దాలు ఒక వైపే ఎందుకున్నవన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. అట్టి షెడ్లకు అద్దాలను ఉత్తరానికి పెడతారు. వెలుతురు వస్తుంది, ఎండ నేరుగా పడదు. ఫోటో తీసి పోయినవాడికి ఆ ప్రశ్న రావడం అరుదు.

చివరకు అతి కష్టమైన సంగతి, అలవాటు నిలుపుకొనడం. చాలమంది పదిహేను రోజులకే మానుతారు. బొమ్మ బాగా రావలెనన్న కోరిక ఒక కారణం. తీరిక దొరికినప్పుడు తీరికగా గీద్దామన్న ఆలోచన రెండవది. వీటికి విరుగుడు వేళను, కొలతను కట్టుబాటు చేసికొనడం. రోజూ చేసే ఏదో ఒక పనికి దీన్ని ముడివేయండి: బస్సు కోసం నిలిచే పది నిమిషాలు, సాయంకాలపు చాయ్, పిల్లలను బడి వద్ద దింపిన పిమ్మటి వేళ. పది నిమిషాలు కాగానే బొమ్మ సగమున్నా ఆపండి. ఒక రోజు తప్పితే మరునాడు రెండు గీసి బాకీ తీర్చవద్దు. బాకీ పెరిగినకొద్దీ పుస్తకం ముట్టబుద్ధి కాదు. తప్పిన తేదీ వేసి, "గీయలేదు" అని వ్రాసి ముందుకు సాగండి. జ్వరం వచ్చిన రోజున మందుసీసా గీయండి. ఏమీ తోచని రోజున మీ చెప్పులు గీయండి. మొదటి నెలలో బొమ్మలను ఎవరికీ చూపవద్దు. మెప్పు వచ్చినా, విమర్శ వచ్చినా చేయి బిగుసుకొంటుంది. నెల చివర మొదటి పుటను, ముప్ఫయవ పుటను మీరే పోల్చి చూచుకొనండి.

రేపే మొదలుపెట్టదలచినవారు దూరం పోనక్కరలేదు. మీ ఇంటి గేటు ముందు నిలుచుండి వీధి చివరిదాకా కనిపించేదాన్ని పోస్టుకార్డంత జాగాలో గీయండి. ఏ ఇల్లు ఎన్ని అంతస్తులు, ఏ చెట్టు ఎక్కడ, నీళ్ళు ఎటు పారుతాయి అన్నవి గుర్తించండి. అడుగున తేదీ, వేళ, ఊరిపేరు వేయండి. వచ్చే ఏడు అదే తేదీన మరల అక్కడనే నిలుచుండి గీయండి. నిండిన పుస్తకాలను అటక మీద పడవేయక, పంచాంగం, పద్దుపుస్తకం ఉండే చోటనే ఉంచండి. వీధికి సంబంధించిన మాట వచ్చినప్పుడు ఇంటివారు తీసి చూడడానికి అందుబాటులో ఉంటాయి.