పందుల నుంచి పంటను, తీగ నుంచి మనిషిని కాపాడుకుందాం

దసరా, సంక్రాంతి సెలవులకు మన హాస్టల్ నుంచి ఇంటికి వెళ్ళే విద్యార్థుల్లో చాలామందికి ఊళ్ళో రెండు పనులు ఎదురుచూస్తుంటాయి. పగలు అమ్మానాన్నలతో కూలికో, చేనుకో పోవాలి. రాత్రి మంచె ఎక్కి కావలి కాయాలి. మేము నలుగురు మిత్రులం మూడేళ్ళుగా సెలవులు వస్తే మాలో ఒకరి చేనుకు కావలి పోతున్నాం. గుట్ట కింద రెండెకరాల అసైన్డ్ భూమి అది. ఒక పక్క మొక్కజొన్న, ఇంకో పక్క వేరుశెనగ. గుట్ట నిండా అడవి పందులు.

మన హాస్టల్ కుటుంబాల్లో చాలామందికి ఉన్న భూమి ఇలాంటిదే. ఊరికి దూరంగా, అడవికి దగ్గరగా ఉంటుంది. అందుకే పందుల సంగతి, వేట సంగతి, చట్టం సంగతి, అన్నిటికన్నా ముఖ్యంగా కరెంటు తీగ సంగతి మనందరికీ తెలిసి ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

అడవి పంది ఎలాంటిది?

అడవి పందికి చూపు తక్కువ, వాసన పట్టే శక్తి చాలా ఎక్కువ. వినికిడి కూడా బాగుంటుంది. మట్టిలో ఉన్న వేరుశెనగ కాయను, నాటిన మొక్కజొన్న గింజను వాసనతోనే కనిపెట్టి ముట్టెతో తవ్వి తీస్తుంది. ఆడ పందులు, పిల్లలు మందగా తిరుగుతాయి. పెద్ద మగ పంది ఒంటరిగా తిరుగుతుంది. దానికి కోరలుంటాయి. గాయపడినా, దారి మూసుకుపోయినా మనిషి మీదికి వస్తుంది.

ఆడ పంది నాలుగు నెలలకు కాస్త తక్కువ కాలం కడుపుతో ఉండి, ఒక ఈతలో సాధారణంగా నాలుగు నుంచి ఆరు పిల్లల్ని పెడుతుంది. వాటిని తినే చిరుత, తోడేలు, రేచు కుక్క మన గుట్టల్లో తగ్గిపోయాయి. వాగుల వెంట, బీళ్ళలో సర్కారు తుమ్మ అల్లుకుని పగలు దాక్కోవడానికి చోటిచ్చింది. పక్కనే మొక్కజొన్న చేలు పెరిగాయి. తిండి, చాటు, నీళ్ళు ఒకే చోట దొరికితే ఏ జంతువైనా పెరుగుతుంది.

పంది తిన్నదానికంటే తొక్కి పాడుచేసింది ఎక్కువ. నాలుగు కంకుల కోసం నలభై మొక్కలు పడగొడుతుంది. ఒక మంద ఒక్క రాత్రి దిగిందంటే పెట్టుబడి పోయినట్టే. తెల్లవారి ఆ చేను చూసిన రైతుకు వచ్చే కోపం మాకు తెలుసు. ఆ కోపంలోంచే తీగ పుడుతుంది.

చంపవచ్చా?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని వేటాడటం నేరం. 2022లో చట్టాన్ని సవరించిన తర్వాత అది రెండో షెడ్యూలులో ఉంది. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఉచ్చు పెట్టడం, నాటు బాంబు పెట్టడం, తీగ వేయడం అన్నీ వేట కిందికే వస్తాయి.

అయితే చట్టం రైతును పూర్తిగా వదిలేయలేదు. అదే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, ఒక జంతువు మనిషి ప్రాణానికి గానీ, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారితే, అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి దాన్ని చంపించవచ్చు. పందుల విషయంలో ఈ అనుమతి ఇచ్చే అధికారాన్ని 2021లో తెలంగాణ, 2022లో కేరళ ప్రభుత్వాలు స్థానిక సంస్థల ప్రతినిధుల దాకా తెచ్చాయి. చంపిన జంతువు మాత్రం ప్రభుత్వ ఆస్తి. ఆ మాంసం పంచుకున్నా, అమ్మినా, కొన్నా కేసే. మీద పడిన జంతువు నుంచి ప్రాణం కాపాడుకోవడానికి చంపితే నేరం కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది.

నక్క కూడా రాత్రి చేలోకి వస్తుంది. పుచ్చకాయలు, కంకులు కొంత తింటుంది. కానీ ఎలుకల్ని, ఎండ్రకాయల్ని ఎక్కువ తింటుంది. దానివల్ల నష్టం కంటే లాభమే ఎక్కువ కనుక దాన్ని తరిమితే చాలు. దానికీ చట్టం రక్షణ ఉంది.

అమెరికాలో వేటాడుతున్నారు కదా!

ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి మా జూనియర్లు ఒక ప్రశ్న అడుగుతున్నారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో మిత్రుల పొలాలకు పోయి రాత్రిళ్ళు పందుల్ని, కొయోటీలనే నక్క జాతి జంతువుల్ని తుపాకులతో వేటాడతారు, మనమెందుకు చేయకూడదు అని.

అక్కడి సంగతి వేరు. అమెరికా ఖండంలో పంది పరాయి జంతువు. యూరప్ నుంచి వెళ్ళినవాళ్ళు తెచ్చిన పెంపుడు పందులు తప్పించుకుని అడవి పట్టాయి. తర్వాత వేట సరదా కోసం అడవి పందుల్ని కూడా తెచ్చి వదిలారు. భూమి యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో పందుల వేటకు లైసెన్సు అక్కర్లేదని 2019లో టెక్సాస్ చట్టం చేసింది. ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువును చూపించే దుర్బిణీలు వాడతారు. అంత చేసినా అక్కడ పందులు అంతరించలేదు. ఏటా మూడింట రెండు వంతుల పందుల్ని తీసేస్తే తప్ప సంఖ్య పెరగకుండా ఆగదని అక్కడి శాస్త్రవేత్తల అంచనా.

ఇంకో తేడా మనకు చాలా ముఖ్యం. అక్కడి పశువుల క్షేత్రాలు వందల వేల ఎకరాలుంటాయి. రాత్రి ఆ భూమిలో వేటగాడు తప్ప మనిషి ఉండడు. మన రెండెకరాల చేను పక్కన ఇంకో రెండెకరాల చేను. ఒకరు మోటారు వేయడానికి వస్తారు, ఒకరు నీళ్ళు మళ్ళించడానికి వస్తారు. గొర్రెల మంద పెట్టుకుని ఒకరు పడుకుంటారు. చేపలకు, ఎండ్రకాయలకు వాగుకు పోయేవాళ్ళుంటారు. తెల్లవారుజామున చెంబు పట్టుకుని వచ్చే ఆడవాళ్ళుంటారు. మన పల్లెలో రాత్రి చేను ఎప్పుడూ ఖాళీగా ఉండదు. చీకట్లో పేల్చిన నాటు తుపాకీకి గానీ, పరిచిన తీగకు గానీ పంది ఎవరో మనిషి ఎవరో తెలియదు.

తీగ ఎందుకు చంపుతుంది?

చేను చుట్టూ కట్టెలు పాతి, జానెడు ఎత్తులో జీఐ తీగ కట్టి, రాత్రికి మోటారు కరెంటు కలపడం చాలా ఊళ్ళలో చూస్తున్నాం. "ఏదైనా తగిలితే ఫ్యూజు పోతుందిలే" అని ధైర్యం. ఈ ధైర్యం తప్పు. ఫ్యూజు ఐదు, పది ఆంపియర్లు దాటితేనే పోతుంది. 230 వోల్టుల తీగ తగిలిన మనిషి ఒంట్లోంచి పారే కరెంటు సాధారణంగా ఒక ఆంపియర్‌లో చిన్న భాగమే. గుండె ఆగడానికి అది చాలు, ఫ్యూజు పోవడానికి చాలదు. మనిషి పోతాడు, ఫ్యూజు ఉంటుంది.

పైగా తడి నేల, చెప్పుల్లేని కాళ్ళు. ఆగకుండా వచ్చే కరెంటుకు కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న చెయ్యి విడవదు. పట్టుకుని లాగబోయిన రెండో మనిషి కూడా పోతాడు. ఒకే తీగకు ఇద్దరు పోయారన్న వార్తలు రావడానికి ఇదే కారణం.

సోలార్ కంచె వేరు. దాని పెట్టె బ్యాటరీ నుంచి వోల్టేజీని వేలల్లోకి పెంచినా, దెబ్బ సెకనులో అతి చిన్న భాగం మాత్రమే ఉంటుంది. మళ్ళీ సుమారు సెకను విరామం. జంతువు అదిరి వెనక్కి పోతుంది, చావదు. అయితే సోలార్ కంచె తీగకు నేరుగా మోటారు కరెంటు కలిపితే అదీ చంపే తీగే అవుతుంది.

తీగకు బలయ్యేవాళ్ళు ఎవరో ఆలోచించండి. రాత్రి చేలల్లో తిరిగేది ఎవరు? కూలికి కావలి కాసేవాళ్ళు, గొర్లకాపరులు, పాలేర్లు, కౌలు రైతులు. అంటే మన నాన్నలు, మన అన్నలు. తీగ వేసినవాడు కూడా చాలాసార్లు మనలాంటి పేదవాడే. ఒకరు చనిపోయి, ఒకరు జైలుకు పోయి, రెండు ఇళ్ళ పిల్లల చదువు ఆగిపోతుంది. ఇవే తీగలకు మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు పులులు కూడా చనిపోయాయి.

ఎవరైనా తీగ మీద పడి కనిపిస్తే ముట్టుకోవద్దు. ముందు స్టార్టరు దగ్గర కరెంటు ఆపాలి. అది వీలుకాకపోతే తడి లేని చోట నిలబడి, ఎండిన పొడవాటి కర్రతో తీగను తప్పించాలి. తర్వాత 108కి ఫోన్ చేయాలి.

మరి ఏం చేయాలి?

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ఖర్చు తక్కువ పద్ధతులు కొన్ని చెప్పింది. వాటిలో కొన్ని మేము చేసి చూశాం.

1. వేరుశెనగ చుట్టూ నాలుగు వరుసల కుసుమ వేయాలి. ముళ్ళకు పంది జంకుతుంది, దాని ఘాటు వాసనకు లోపలి కాయ వాసన తెలియదు. మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయవచ్చు.

2. మంగలి షాపులోని వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లాలి. వాసన చూడబోతే ముక్కులోకి పోయి ఇబ్బంది పెడతాయి, మనిషి వాసన కూడా తగులుతుంది. వాన పడితే మళ్ళీ చల్లాలి.

3. రంగురంగుల పాత చీరలు చుట్టూ కట్టాలి.

4. చేను చుట్టూ కందకం తవ్వితే మంద తేలిగ్గా దాటలేదు.

5. డబ్బా మోత, టపాసు, మంట, కుక్క అరుపుల రికార్డు అన్నీ పనిచేస్తాయి. కానీ పంది త్వరగా అలవాటు పడుతుంది. కనుక రెండు మూడు రోజులకోసారి పద్ధతి మార్చాలి.

వీటన్నిటికంటే బాగా పనిచేసింది వంతుల కావలి. పక్కపక్కన ఉన్న చేలవాళ్ళు కలిసి ఒక్కో రాత్రి ఇద్దరు చొప్పున కాస్తే ఎవరికీ రోజూ నిద్ర చెడదు. ఒక్క చేనుకే కాపలా ఉంటే మంద పక్క చేనులో పడుతుంది, అందరూ కలిస్తే గుట్ట దగ్గరే ఆగుతుంది. కావలికి పోయేటప్పుడు టార్చిలైటు, కర్ర, బూట్లు తప్పనిసరి. కట్లపాము తిరిగేది రాత్రే కనుక నేల మీద పడుకోవద్దు.

పంట పోతే ఫోటోలు తీసి, వెంటనే అటవీ శాఖకు, వ్యవసాయ విస్తరణ అధికారికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. పాసుపుస్తకం లేని కౌలు రైతుకు పరిహారం రావడం కష్టం. అలాంటప్పుడు పట్టాదారుతో సంతకం చేయించి దరఖాస్తు పెట్టించాలి. మన ఊళ్ళలో ఇలాంటి కాగితం రాయగలిగింది చదువుకున్న మనమే. రాయడానికి బద్ధకించవద్దు.

మిత్రులారా! ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ చేను చుట్టుపక్కల తీగలు ఎక్కడెక్కడున్నాయో కనుక్కోండి. వేసినవాళ్ళతో పోట్లాట పెట్టుకోవద్దు. ఫ్యూజు సంగతి కూర్చోబెట్టి చెప్పండి, వాళ్ళ పేరు కూడా వంతుల కావలిలో రాయండి. పంట పోతే వచ్చే ఏడు మళ్ళీ వేసుకోవచ్చు. మనిషి పోతే ఆ ఇంటి నుంచి మన హాస్టల్‌కు రావలసిన పిల్లవాడు కూలికి పోతాడు.