ఇరుసు విరిగేదెక్కడ?

మగ్గం మీద పోగు ఎక్కడ తెగుతుందో పోచంపల్లి నేతగాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎక్కడ సన్నగా ఉంటే అక్కడే! కొండా బండా ఎక్కే ఫోర్‌వీల్ డ్రైవ్ జీపుదీ అదే కథ. ఇంజిన్ బలాన్ని చక్రాలకు చేర్చే గేర్లు, షాఫ్టులు, జాయింట్లలో ఏది బలహీనమో అదే ముందు పోతుంది. అందుకే ఈ సరదా ఉన్నవాళ్లు విడిభాగాలు మార్పించి బండిని గట్టి చేయించుకుంటారు. ఏది మార్చాలో తెలియకుండా మారిస్తే మాత్రం చిన్న ఖర్చుతో పోయేది పెద్ద ఖర్చవుతుంది.

నలభై రెట్ల బలం

ఓ లెక్క చూద్దాం. ఇంజిన్ 250 న్యూటన్ మీటర్ల బలంతో తిప్పుతుందనుకుందాం. మొదటి గేరు దాన్ని 4 రెట్లు చేస్తుంది. ఫోర్‌వీల్ ‘లో’ గేరు రెండున్నర రెట్లు, ఇరుసు మధ్యనుండే క్రౌన్, పినియన్ మరో 4 రెట్లు. మొత్తం 40 రెట్లు... అంటే 10 వేల న్యూటన్ మీటర్లు! మామూలుగా ఈ బలాన్ని నాలుగు చక్రాలూ పంచుకుంటాయి. మరి ఒక చక్రం గాల్లోకి లేస్తే?

వరి మడిలో ట్రాక్టరు నడిపేవాళ్లను అడిగితే చెబుతారు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతారు. రెండు చక్రాలూ కలిసి తిరిగి బండి గట్టెక్కుతుంది. కానీ అప్పుడు భారమంతా పట్టు దొరికిన చక్రం వైపు ఇరుసు మీదే. జీపుకి లాకర్ బిగించినా ఇంతే. గాల్లో గిర్రున తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా బండరాయి మీద ఆనితే ఇరుసుకి అది సుత్తి దెబ్బే. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉంటే ముందు చక్రాల జాయింట్లకు ఇంకా ప్రమాదం. పెద్ద టైర్లూ భారం పెంచుతాయి. 28 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే ఆ భారం సుమారు 18 శాతం ఎక్కువ.

కాస్త లావు... బోలెడు బలం

షాఫ్టు లావు 10 శాతం పెరిగితే మెలిపెట్టే బలాన్ని తట్టుకునే శక్తి 33 శాతం పెరుగుతుంది. జీపు ప్రియులకు బాగా తెలిసిన డానా 44 ఇరుసులో 30 పళ్ల షాఫ్టు మందం 1.31 అంగుళాలు, 35 పళ్లదైతే 1.5. చూపుకి పెద్ద తేడా లేదు, బలంలో ఒకటిన్నర రెట్లు! ఇక రెండో దారి లోహం మార్చడం. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిపిన 4340 రకం ఉక్కుని వేడిచేసి పదును పెట్టి షాఫ్టులు చేస్తారు.

ఒకటి చాలా గట్టిదైతే...

అసలు చిక్కు ఇక్కడే. షాఫ్టు విరగకపోతే దెబ్బ పక్క భాగానికి పోతుంది. జాయింటులోని ‘క్రాస్’ పోతే పనిముట్లుంటే దారిలోనే మార్చుకోవచ్చు. క్రౌన్, పినియన్ పళ్లు రాలితే బండిని లాక్కెళ్లాల్సిందే. అందుకే అనుభవజ్ఞులు ఇంట్లో ఫ్యూజులా క్రాస్‌ను ఉంచి, బండిలో ఒక అదనపు క్రాస్ పెట్టుకుంటారు.

ప్రాణాల సంగతీ చూడాలి. చాలా జీపుల వెనక ఇరుసు సెమీ ఫ్లోటింగ్ రకం. అందులో బండి బరువూ షాఫ్టు మీదే కాబట్టి, అది విరిగితే చక్రమే ఊడిరావచ్చు. ఫుల్ ఫ్లోటింగ్ రకంలో బరువు హబ్ మోస్తుంది. షాఫ్టు విరిగినా చక్రం కదలదు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు వెనక ఇరుసు ఈ రకమే. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదన్నదీ మరవకూడదు.

అన్నిటికన్నా చవకైన బలం డ్రైవరు కుడికాల్లోనే ఉంది. ముందు దిగి రాళ్లను చూసుకోవాలి. చక్రం ఎగిరి పడుతుంటే యాక్సిలరేటర్ వదిలేయాలి. వెనక్కి వచ్చి మరో వైపు నుంచి ఎక్కాలి. సర్వీసింగులో షాఫ్టు బయటికి తీయించి పళ్లు తిన్నగా ఉన్నాయో లేదో చూడాలి. అవి మెలితిరిగితే ఆ షాఫ్టు పని అయిపోయినట్టే. మార్చాల్సింది అప్పుడే, అడవి మధ్యలో విరిగాక కాదు.