చేతికొక ఎత్తు, కంటికొక ఎత్తు: పనిబల్ల అమరికలో అసలు చిక్కు

కోల్‌కతా నైరుతి భాగంలోని ఏక్‌బాల్‌పూర్ నుంచి ఖిదిర్‌పూర్ రేవులు దాటి పడమటికి వెళితే మెటియాబ్రుజ్ వస్తుంది. 1856లో రాజ్యం కోల్పోయి కలకత్తా చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా స్థిరపడిన ప్రాంతమిది. ఆయన వెంట వచ్చిన పరివారంలో దర్జీలూ ఉన్నారని చెబుతారు. నేడు ఇది దేశంలోని పెద్ద రెడీమేడ్ దుస్తుల కేంద్రాల్లో ఒకటి. కుట్టిన బట్టల లెక్కన కూలి అందుకునే దర్జీకి మెడ పట్టేస్తే ఆ రోజు ఆదాయం ఆగిపోతుంది. హైదరాబాదులో భోజనాల బల్లపై ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసే ఉద్యోగికి జీతం ఆగకపోవచ్చు గాని, బాధ మాత్రం అదే.

ఇద్దరి బాధకూ మూలం ఒక్కటే. భుజాలు వదులుగా ఉండాలంటే చేతిపని మోచేతి మట్టంలో జరగాలి. మెడ నిటారుగా ఉండాలంటే చూడవలసిన వస్తువు ఇంచుమించు కంటి ఎదుట ఉండాలి. ఈ రెండు ఎత్తులూ ఒకటి కావు. కుట్టుమిషనుపై చేతులు, చూపు రెండూ సూది దగ్గరే ఉండాలి. ల్యాప్‌టాప్‌లోనూ తెర, మీటలు కలిసే ఉంటాయి. దాంతో 4 నుంచి 5 కిలోల బరువుండే తలను ముందుకు వంచి గంటల తరబడి మోయవలసిన భారం మెడ కండరాలపై పడుతుంది.

మనిషికి తగినట్లు పనిని అమర్చే ఈ శాస్త్రాన్ని ఎర్గోనామిక్స్ అంటారు. పోలండ్ శాస్త్రవేత్త యస్త్‌షెంబోవ్‌స్కీ 1857లోనే ఈ మాట వాడినా, 1949లో బ్రిటన్‌లో ఒక పరిశోధన సంఘం ఏర్పడిన తరువాతే అది స్థిరపడింది. ఖరీదైన కుర్చీలు అమ్మే ప్రకటనల్లో ఇప్పుడు ఆ పేరు తరచుగా వినిపిస్తోంది. నిజానికి ముందుగా కావలసింది కొలత టేపు.

సాధారణ కార్యాలయపు బల్ల సుమారు 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. 150 సెంటీమీటర్ల పొడవున్న వ్యక్తి పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే, మోచేయి నేలకు దాదాపు 60 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. మిగిలిన 15 సెంటీమీటర్లను భుజాలు ఎత్తి భర్తీ చేసుకోవడమే నొప్పికి ఆరంభం. బల్లను కోయలేనప్పుడు కుర్చీని ఆ మేరకు పెంచి, పాదాల కింద అంతే ఎత్తు పీట వేసుకోవాలి. నడుము వెనుక మడిచిన తువ్వాలు పెట్టుకున్నా ఆసరా లభిస్తుంది.

ల్యాప్‌టాప్‌కు విరుగుడు తేలిక. విడిగా ఒక కీబోర్డు, మౌస్ తెచ్చుకుని, తెర పై అంచు కంటి మట్టానికి వచ్చేలా ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతరపై నిలపాలి. తెర చేయి చాపినంత దూరంలో ఉండాలి. రెండు భాగాల కళ్లద్దాలు వాడేవారు మాత్రం తెరను ఇంకాస్త దించుకోవాలి. లేకుంటే కింది అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తవలసి వస్తుంది.

కుట్టుమిషనుకు ఆ వెసులుబాటు లేదు. బల్లను దర్జీ వైపు కొద్దిగా వాల్చడం, పెడల్‌ను దగ్గరకు జరపడం, సూదిపై నేరుగా దీపం పడేలా చూడటం కొంత మేలు చేస్తాయి. నలభై దాటిన దర్జీ వంగి కూర్చుంటే స్టూలును తప్పుపట్టే ముందు కంటిచూపు పరీక్షించాలి. దారం కనబడకే ఆయన వంగుతూ ఉండవచ్చు.

అమరిక ఎంత చక్కగా ఉన్నా ఒకే భంగిమలో కదలకుండా కూర్చోవడం శరీరానికి సరిపడదు. అరగంటకోసారి లేచి ఒకటి రెండు నిమిషాలు నడవాలి. చేతివేళ్లలో తిమ్మిరి, రాత్రివేళ మణికట్టు నొప్పి, పట్టు సడలడం వంటి లక్షణాలు వారాల తరబడి ఉంటే అది బల్లతో సరిదిద్దుకునే విషయం కాదు. వైద్యుని సంప్రదించాలి.