చివరి పొలం మోటారే ఎందుకు కాలుతుంది?

రబీ వరి పొట్టకు వచ్చే వేళ ట్రాన్స్‌ఫార్మరు పక్కనున్న మోటార్లు బాగానే తిరుగుతుంటాయి. లైను చివరి పొలంలోని మోటారు మాత్రం కొన్నాళ్లు మూలిగి కాలిపోతుంది. రైతు మెకానిక్కును తిట్టుకుంటాడు, లేదా తన జాతకాన్ని. ఎలక్ట్రికల్ ఇంజనీరింగు విద్యార్థులు మొదట్లోనే చదివే సర్క్యూటు పాఠాలలో దీనికి జవాబున్నది.

ఈ పాఠాలకు పునాది 1827లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఓమ్ ప్రకటించిన సూత్రం. తీగ నిరోధాన్ని అందులో పారే ఆంపియర్లతో గుణిస్తే తీగలో ఖర్చయ్యే ఓల్టేజీ తేలుతుంది. 1845లో కిర్కాఫ్ మరి రెండు నియమాలు చెప్పాడు. అప్పటికి ఆయన ఇంకా విద్యార్థే. మొదటి నియమం రైతుకు కొత్త కాదు. కాల్వ చీలినచోట వచ్చే నీరెంతో పోయే నీరంత, కరెంటూ అంతే. రెండవది, ట్రాన్స్‌ఫార్మరు వద్ద బయలుదేరిన ఓల్టేజీలో తీగ తినగా మిగిలిందే మోటారుకు దక్కుతుంది. కళాశాల ప్రయోగశాలలో చిన్న నిరోధాలకు మీటర్లు తగిలించి విద్యార్థులు దీనినే సరిచూసుకుంటారు.

పొలంలో లెక్క ఇట్లా ఉంటుంది. 5 హార్సుపవరు మోటారు పూర్తి లోడు మీద సుమారు ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది. లైను చివర అటువంటివి నాలుగుంటే 30 ఆంపియర్లు. ఒక్కో తీగ నిరోధం 1 ఓమ్ అనుకుంటే ఫేజుకు సుమారు 30 ఓల్టులు దారిలోనే పోతాయి. 240 బయలుదేరితే చేరేది 210. తోడవలసిన నీరు తగ్గదు కనుక మోటారు ఇంకా ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఒక్కో తీగలో 900 వాట్లు వేడిగా గాలిలో కలుస్తాయి. కరెంటు సగమైతే ఈ నష్టం నాలుగో వంతుకు దిగుతుంది. మోటారు వద్ద కెపాసిటరు పెట్టమనేది ఇందుకే. అయస్కాంతానికి కావలసిన కరెంటు అక్కడే దొరికి లైనుపై భారం తగ్గుతుంది. బిగించిన కెపాసిటరును పీకి మూలన పడేసేవారు తమ చివరి పొలానికే చేటు చేసుకుంటున్నారు.

ఇంతకన్నా ప్రమాదం ఒక ఫేజు పోవడం. తిరుగుతున్న మోటారు వెంటనే ఆగదు. మిగిలిన రెండు ఫేజులలో కరెంటు దాదాపు ఒకటిముప్పావు రెట్లవుతుంది. ఏడున్నర కాస్తా 13 ఆంపియర్లు. స్టార్టరులోని ఓవర్‌లోడు రిలే సరిగా ఉంటే మోటారును ఆపేస్తుంది. మాటిమాటికీ ఆగుతున్నదని దానిని పనిచేయకుండా కట్టేసినచోట వైండింగే ఫ్యూజులా కాలుతుంది.

కొందరు రైతులు బోర్డుపై ఫేజుకొకటి చొప్పున మూడు బల్బులు పెట్టుకుంటారు. వాటిని స్టార్టరు నొక్కక ముందే చూడాలి. మోటారు తిరుగుతుండగా పోయిన ఫేజు బల్బు కూడా వెలగవచ్చు.